దుబ్బాక తువ్వాల ముడి

మయామీ ఓడరేవు,
14 మార్చి 1993

సఫూరా ఆపాకు తమ్ముడు జాఫర్ సలాం.

నేను మంచిగ చేరిన. బొంబాయిల విమానమెక్కినంక కడుపుల దేవినట్లయింది గని ఓడ మీద గట్లేం లేదు. ఓడంటే పడవ లెక్క ఉంటదనుకున్న. కాదు ఆపా. మన లాల్ కమాన్ నుంచి బస్టాండు దాకా ఉన్న ఇండ్లన్ని ఒకదాని మీద ఒకటి పేరిస్తె ఎంతుంటదో గంతుంటది. వెయ్యిమందికి పైన ఎక్కుతరు. ఏ ఊరికి పొయ్యే పని లేదు వాళ్ళకు. ఆదివారం ఎక్కుతరు, ఏడు రోజులు సముద్రం మీద తిరుగుతరు, తింటరు, పంటరు, మళ్ళ ఎక్కిన కాడ్నే దిగుతరు. దానికి వేలకు వేలు కడ్తరు. అబ్బాకు చెప్తే నమ్మడు, నన్ను తిడ్తడు. చెప్పకు.

నా పని మంచిదే. గదులన్ని చూసుకునే సూపర్వైజరు లెక్క. తెల్ల కోటు, నల్ల బూట్లు. తిండికి కొదవ లేదు.

జీతమే జర లేటయితదట. అందుకే ఈ ఉత్తరంల డ్రాఫ్టు లేదు. హైదరాబాదు డాక్టరు అబ్బా రెండు కండ్లకు కలిపి తొమ్మిది వేలన్నడు గదా, గది యాదికున్నది. వట్టి పొర అయితే మన క్యాంపుల ఉత్తగనే తీస్తుండిరి, కంట్ల నీటి ఒత్తిడి గూడ ఉన్నదని, వానలు దాటితే ఉన్న సూపు గూడ పోతదని అన్నడు గదా, గదీ యాదికున్నది. నేను పంపుత. నువ్వు పరేషాన్ గాకు.

నువ్వు తెలుగులనే రాయి. అబ్బాకు ఉర్దూ తప్ప చదువ రాదు, మన ముచ్చట మన నడుమనే ఉంటది.

నీ తమ్ముడు,
జాఫర్

సిద్దిపేట,
9 ఏప్రిల్ 1993

జాఫర్‌కు, వాలేకుం సలాం.

ఓహో, సూపర్వైజరువైనవా! సంతోషం. ఏడేండ్లు సికింద్రాబాదు హోటల్ల చాయ్ గిలాసలు అందించినోన్ని ఎక్కంగనే సూపర్వైజరు చేసిన్రంటే, ఆ ఓడ మునగకుంట చూసుకో తమ్మీ.

నువ్వు అబద్ధమాడితే అచ్చరాలు గుండ్రంగ, ముద్దుగ రాస్తవు. నిజమైతే గెలికి పారేస్తవు. నీ మొన్నటి ఉత్తరం ముత్యాలు పేర్చినట్లున్నది. అమ్మీ పోయినంక నిన్ను పెంచింది నేను. నాకే పెడ్తవారా టోపీ? అసలు సంగతి రాయి.

అబ్బా సంగతి నేను దాయకుంట చెప్త. మొన్న కుకునూరుపల్లి వాళ్ళ జాకెట్టుకు రెండు చేతులు కుడి చేతులే కుట్టిండు. ఆమె రాకముందే నేను విప్పి మళ్ళ కుట్టిన, ఆయనకు చెప్పలే. సూదిల దారం ఎక్కించుకునుడు ఎన్నడో బందయింది. పొద్దుగాల్ల మా ఇంట్ల వంట కాంగనే దుకాణంకు పోయి ఇరువై సూదులకు దారమెక్కించి దిండుకు గుచ్చి వస్త. పగటి వరకు అవి ఒడుస్తయ్. మళ్ళ పోత. నలభై ఏండ్లు సూది పట్టిన మనిషి, బిడ్డ ఎప్పుడొస్తదా అని కూసుంటుండు జాఫర్.

అయినా పౌరుషం తగ్గలే. పోయిన వారం ఒకామె రెండు రూపాయలు ఎక్కువిచ్చి పోయిందట. గా సూపుతోనే, మెడల టేపుతోనే, బస్టాండు దాకా ఉరికిండు వాపసియ్యనీకి. ఆటో తగిలేటిదే. నేను లొల్లి పెడ్తే, "కూలెంతో గంతే. మీదికెళ్ళి తీస్కునేది బిచ్చం" అన్నడు. నీకు ఎర్కలేనిదా ఇది. చిన్నప్పటి సంది అన్నంల కలిపి తినిపించిండు మనకు.

డ్రాఫ్టు ఎప్పుడొస్తదో తారీకు రాయి. వానలు నా కోసం ఆగవు.

నీ ఆపా,
సఫూరా

ఓడ మీది నుంచి,
3 మే 1993

ఆపా, సలాం.

ఇగో, గెలికే రాస్తున్న. నమ్ము.

నేను గదులు ఊడుస్తున్న. దుప్పట్లు మారుస్తున్న, సండాసులు కడుగుతున్న. ఇరువైనాలుగు గదులకు ఇద్దరం. నా జోడీదారు ఫ్రాన్సిస్, గోవా ఆయన, నలభై ఐదేండ్లుంటయ్, ముగ్గురు పిల్లలు. జీతం నెలకు యాభై డాలర్లు. మన పదిహేను వందలు. నన్ను పంపిన ఏజెంటు ఆరు వందల డాలర్లు వస్తయన్నది అబద్ధం గాదు, నేనే పూర్తిగ అడుగలే. మిగిలిందంతా బక్షీసే ఆపా.

ఇక్కడి పద్ధతి చెప్త విను. ప్రతి గదిల చిన్న పుస్తకముంటది. మనిషికి రోజుకు గది చూసేటోళ్ళకు మూడు డాలర్లు, తిండి వడ్డించేటోనికి మూడు, తట్టలు ఎత్తేటోనికి ఒకటిన్నర అని అచ్చేసి ఉంటది. అంటే ఏడు రోజులకు ఒక్క మనిషి యాభై రెండున్నర డాలర్లు వేరే తీసి పెట్టుకోవాలె. ఎర్కున్నోళ్ళు టికెట్టు కొన్ననాడే తీసి పెడ్తరట. తాగేదాని బిల్లుకు మాత్రం నూటికి పదిహేను కంపెనీయే కలుపుతది, అండ్ల మళ్ళ ఇచ్చే పని లేదు. ఎర్క లేక రెండుసార్లు ఇచ్చేటోళ్ళు గూడ ఉన్నరు. మా పైసలు మాత్రం ఆఖరి సాయంత్రం కవర్లల్ల పెట్టి చేతికిస్తరు, శానమంది అచ్చేసిన దానికంటే తక్కువనే.

మొదటి వారం ఇవేం నాకు ఎర్క లేదు. ఆఖరి సాయంత్రం ఫ్రాన్సిస్ పెట్టెలు కిందికి దించనీకి పోయిండు, నేను వరండాల నిలబడ్డ. ఒకాయన కవరు ఇచ్చిండు. తెరిస్తే పైసలు. నాకు అబ్బా గొంతు వినబడ్డది ఆపా, నిజంగ. "వద్దు సార్, నాకు జీతం కంపెనీ ఇస్తది" అని వాపసిచ్చిన. ఇంకొకాయన ఇస్తే ఆయనకూ వాపసిచ్చిన. పదిహేడు కవర్లు వాపసిచ్చిన. ఛాతీ విరుచుకొని నిలబడ్డ, పిచ్చోని లెక్క.

ఫ్రాన్సిస్ వచ్చి ఎన్నొచ్చినయని అడిగిండు. చెప్పిన. ఇద్దరం చేసిన పనికి వచ్చేది ఇద్దరికి చెరిసగం, గిది గూడ అప్పుడే ఎర్కయింది. ఆయన తిట్టలే. మంచం మీద కూసున్నడు. "నీ ఇజ్జత్ నువ్వు కాపాడుకున్నవ్ భాయ్, మరి నా పిల్లల ఫీజు?" అన్నడు. భూమిల కలిసిపోతే బాగుండుననిపించింది, భూమి గూడ లేకపాయె.

తర్వాత నాలుగు వారాలు నా వంతు ఆయనకే ఇచ్చిన. అందుకే నీకు డ్రాఫ్టు రాలే. ఇప్పుడు అందరి కాడ తీస్కుంటున్న. చెయ్యి చాపను, ఇస్తే తీస్కుంట. తీస్కుంటుంటే మొకం కిందికే ఉంటది.

ఇండ్ల ఆరు వేల డ్రాఫ్టు ఉన్నది. మిగిలిన మూడు వచ్చే నెల పంపుత. అబ్బాకు జీతమని చెప్పు. నీ కాల్మొక్త, జీతమనే చెప్పు.

జాఫర్

సిద్దిపేట,
30 మే 1993

జాఫర్,

కొంప మునిగింది.

నీ ఉత్తరం వచ్చిననాడు నేను దుబ్బాకల దావతుకు పోయిన. పోస్టుమ్యాను దుకాణంల అబ్బా చేతికిచ్చిండు. అప్పుడే దత్తాత్రి సార్ ప్యాంటు కుదించుకోనీకి వచ్చి కూసున్నడట, మన బడిల లెక్కలు చెప్పిన సారే. అబ్బా సంబురంగ, "సార్, నా కొడుకు ఓడకెళ్ళి రాసిండు, జర చదువున్రి" అన్నడు. ఆ సార్ పాఠం చెప్పినట్లు మొదటి సంది చదివిండు. సండాసులు గూడ చదివిండు. "అబ్బాకు జీతమని చెప్పు" అన్నది గూడ చదివిండు. ఎక్కడ ఆగాల్నో ఆయనకు సమజ్ కాలేదట పాపం, తర్వాత నా తాన తల పట్టుకున్నడు.

నేను వచ్చెవరకు అబ్బా మిషను తొక్కుతుండు. సూదిల దారం లేదు. బట్ట మీద వట్టి తొర్రలు పడ్తున్నయ్. ఆపినా ఆగలే.

డ్రాఫ్టు నా చేతుల పెట్టి, "వాపసు పంపు" అన్నడు. నేను అరిచిన, ఏడ్చిన, అమ్మీ పేరు చెప్పిన. ఒకటే మాట ఆయనది. "బిచ్చపు పైసల కండ్లు పెట్టుకొని నేను ఎవని మొకం చూడాలె?" అన్నడు. నాకు మండింది జాఫర్. "నీ కొడుకు మొకం చూడు" అన్న.

నిన్నటి సంది దీపం చుట్టు రంగులు కనవడ్తున్నయంటుండు. గట్ల కనవడితే ఒత్తిడి పెరిగినట్లని డాక్టరు ముందుగాలనే చెప్పిండు. మొదటి వాన గూడ పడ్డది. డ్రాఫ్టు మిషను సొరుగుల పడేసిన, పంపలే. పంపను గూడ.

నీ మీద గూడ కోపమున్నది నాకు. సండాసులు కడిగినందుకు గాదు. ఇంట్ల తిన్న తట్ట ఎత్తనోడు ఇరువైనాలుగు గదులు ఎత్తుతుండంటే, చెప్పొద్దూ, గర్వంగనే ఉన్నది. మొదటి ఉత్తరంలనే చెప్పకపోతివి, గందుకు కోపం. ఇద్దరం కలిసి ఏదన్న దారి చూస్తుంటిమి గదరా.

ఏం చెయ్యాల్నో రాయి. జల్ది.

సఫూరా

ఓడ మీది నుంచి,
22 జూన్ 1993

ఆపా,

ఈ ఉత్తరం దాయకు. దత్తాత్రి సార్‌నే పిలిచి అబ్బా ముంగట చదివించు. మొత్తం చదువుమను, ఎక్కడా ఆగొద్దని చెప్పు.

అబ్బా, సలాం. పని ఇడిసి రమ్మంటే వస్త. కానీ మీకు ఒక సంగతి చెప్పాలె, ఆపాకు గూడ చెప్పలే. శరమై చెప్పలే.

నేను కవర్లు వాపసిచ్చిన పదిహేడు మందిల ఒక ముసలామె ఉండె. బడిల పంతులమ్మ చేసి రిటైరైంది. ఆమె, ఆమె పెనిమిటి. పెండ్లయి నలభై ఏండ్లయిందని, రెండేండ్లు పైసా పైసా కూడబెట్టి వచ్చిన్రు. మొదటి రోజు నేను గది సర్దుతుంటే బల్ల మీద మూడు కవర్లు కనవడ్డయ్. ఒకదాని మీద నా పేరు, ఫ్రాన్సిస్ పేరు. అండ్ల పైసలు అప్పటికే పెట్టి ఉన్నయ్. ఇంకా నేను వాళ్ళకు ఒక గిలాస నీళ్ళు గూడ ఇయ్యలే అబ్బా! అప్పుడు అదేందో నాకు సమజ్ కాలే. వాళ్ళ తిండికి, కిరాయికి ఎట్ల తీసి పెట్టుకున్నరో, మాకూ గట్లనే మొదలే తీసి పెట్టిన్రు.

ఆ ముసలాయనకు మోకాళ్ళ నొప్పులు. ఏడు రోజులు నేను రోజు వేడినీళ్ళ సంచి తెచ్చిచ్చిన. ఎవరూ చెప్పలే, నాకే ఇయ్యాలనిపించింది. ఆఖరి సాయంత్రం ఆమె కవరు తెస్తే నేను వద్దన్న. ఆమె మొకం వాడిపోయింది. లోపలికి పోయి ఇంకో రెండు డాలర్లు తెచ్చి అండ్ల పెట్టింది. "తక్కువైందా బాబూ?" అని అడిగింది. నేను మళ్ళ వద్దన్న. ఆమె కండ్లల్ల నీళ్ళు తిరిగినయ్. కవరు ఛాతీకి అదుముకొని లోపలికి పోయింది.

నేను నా ఇజ్జత్ చూసుకున్న అబ్బా. ఆమె ఇజ్జత్ తీసేసిన. అది నాకు ఫ్రాన్సిస్ చెప్తే గాని ఎర్క కాలే. వేడినీళ్ళ సంచి అసొంటిదానికి ధర లేదని మీరే అంటరు, మరి ధర లేనిదానికి ఆమె ఏమియ్యాలె? తెచ్చింది తీసుకుంటే ఇంటికి సంబురంగ పోతుండె.

మిగిలిన మూడు వేలు పంపుతున్న. నేను ఎవ్వరినీ అడుక్కోలే. మీకు ఒట్టేసి చెప్తున్న. వద్దంటే చించేయున్రి. ఆపా, అబ్బా చించుతనంటే చేతికియ్యకు.

జాఫర్

సిద్దిపేట,
20 జూలై 1993

జాఫర్‌కు,

నిమ్మళంగ కూసొని చదువు. అంతా మంచిగనే ఉన్నది.

దత్తాత్రి సార్ ఆగకుంట చదివిండు. చదివినంక ఆయనే కండ్లద్దాలు తుడుచుకున్నడు. అబ్బా మళ్ళ మిషను తొక్కుడు షురూ చేసిండు. సరే, ఈయన గింతే అనుకొని ఇంటికి పోయి, అమ్మీ పాత సందుగ తెరిచి, అండ్లున్న దుబ్బాక నేత తువ్వాలలన్ని తెచ్చి ఆయన ఒళ్ళె కుమ్మరించిన. ముప్పై దాకా ఉంటయ్. నీకు యాదికున్నయా? పెండ్లి బట్టలు కుట్టి అప్పజెప్పిననాడు పెండ్లోళ్ళు ఇచ్చినయ్. కూలి వేరే ఇచ్చి, కొత్త తువ్వాల కొంగుకు పైసలు ముడేసి రెండు చేతులతోని పెడ్తరు. అబ్బా కండ్లకద్దుకొని తెస్తడు. అమ్మీ ముడి విప్పి పైసలు తీసి, తువ్వాల దాచిపెడ్తుండె.

అబ్బా చేతులతోని తడిమిండు. కొంగులు ఇంకా ముడుతలు పడే ఉన్నయ్ జాఫర్, ఇరువై ఏండ్లవి గూడ.

"ఈ ముడులల్ల ఉన్నదేంది అబ్బా? బిచ్చమా?" అని అడిగిన.

"పాగల్! గది హక్కు. పెండ్లి జోడు కుట్టినోనికి హక్కు ఇస్తరు. వాళ్ళు సంబురంగ ఇస్తే వద్దనుడు తప్పు" అన్నడు, గుర్రుగ.

"వాళ్ళు నీకు పెండ్లికి ముందే తీసి పెడ్తరా, అప్పటికప్పుడు జేబుల చెయ్యి పెడ్తరా?"

"బట్ట కొన్ననాడే తువ్వాల కొంటరు."

"మరి నలభై ఏండ్ల పెండ్లికి ఓడెక్కినామె మొదటి రోజే కవరు చేస్తే, అది బిచ్చమెట్లయింది?"

అగో, అప్పుడు ఆగిండు. ఒక తువ్వాల కొంగు పట్టుకొని శానసేపు మెలిపెట్టుకుంట కూసున్నడు. నేను గూడ నోరు మూసుకున్న, నాకది ఎంత కష్టమో నీకెర్క. చివరికి అడిగిండు చూడు, నా పాణం లేచొచ్చింది. "ఆ ముసలామె మళ్ళ వస్తదా ఓడకు?" అన్నడు. రాదేమో అన్న. "పోరడు పాపం చేసిండు. నా మూలంగ చేసిండు" అన్నడు. తర్వాత, "హైదరాబాదు బస్సు ఎన్నింటికి?" అన్నడు.

తమ్మీ, నేను దుకాణంలనే కూలబడి ఏడ్చిన. ఇన్ని రోజులు ఏడ్వనిదంతా ఏడ్చిన.

డాక్టరు ఆగస్టు తొమ్మిది ఇచ్చిండు. ఎడమ కన్ను కొంచెం దెబ్బతిన్నదట, పూర్తిగ రాదు. కుడిది వస్తదన్నడు. ఇంకో రెండు నెలలైతే రెండూ పోతుండె అన్నడు. దువా చెయ్యి.

సఫూరా

సిద్దిపేట,
28 ఆగస్టు 1993

జాఫర్,

నేను నీ అబ్బాను, ఇబ్రహీంను. చెప్పేది నేను, రాసేది మీ ఆపా. చెప్పినట్లు రాస్తదో లేదో అల్లాకే ఎర్క.

కుడి కన్ను మంచిగ కనవడ్తున్నది. ఎడమది మసక. కండ్లద్దాలు సీసా అడుగులంత మందం ఇచ్చిన్రు. మీ ఆపా తలల తెల్లెంట్రుకలు వచ్చినయ్, నాకు ఎవ్వరూ చెప్పలే. (అన్నింటికంటే ముందు అదే చూసిండు జాఫర్, దవాఖానలోనే. నేను ఏమనాలె.) నిన్న సూదిల దారం నేనే ఎక్కించిన. మూడోసారికి ఎక్కింది. (ఏడోసారికి.)

దవాఖానల ఆరు రోజులున్న. కొమురవ్వ అని ఒక ఆయా ఉండె. పట్టీలు కట్టి ఉన్నయ్ గదా, చెయ్యి పట్టుకొని తీస్కపోయేది, తీస్కొచ్చేది. నేను కసురుకున్నా ఏమనకపొయ్యేది. మూడో రోజు నాకు పండ్లు లేవని అన్నం మెత్తగ పిసికి తెచ్చింది. ఎవ్వరూ చెప్పలే ఆమెకు.

నేను గూడ మొదలే తీసి పెట్టిన, మీ ముసలామె లెక్క. ఆపరేషనుకు పోయే ముందురోజే ఒక దుబ్బాక తువ్వాల తీయించి, రోజుకు పది చొప్పున డాక్టరు చెప్పిన ఆరు రోజులకు అరువై రూపాయలు కొంగుకు ముడేయించుకున్న. మీ ఓడ పుస్తకంల ఉన్నట్లే లెక్క. ఎంతియ్యాలె, ఎవలకియ్యాలె అని ఆఖరికి తడుముకునుడు నాకు పడది.

దవాఖాన ఇడిసే రోజు రెండు చేతులతోని ఇచ్చిన. ఆమె ఏమన్నది ఎర్కనా? "వద్దు తాతా, నాకు జీతమిస్తరు" అన్నది.

జాఫర్, బస్టాండు దాకా ఉరికి నేను ఎంతమందికి వాపసిచ్చిన్నో వాళ్ళందరి మొకాలు ఒక్కసారే కనవడ్డయ్. నా నోట్లకెళ్ళి, "తక్కువైందా బిడ్డా?" అని వచ్చింది. నిజంగ నాకు తక్కువైందనే భయమైంది. "గిది బిచ్చం గాదు, పెండ్లి బట్టల తువ్వాల, నీ హక్కు" అన్న. అప్పుడు తీస్కున్నది. ముడి విప్పలే. కండ్లకద్దుకొని నడుముకు చుట్టుకున్నది. నేను బస్సుల సిద్దిపేట దాకా నవ్వుకుంటనే వచ్చిన. (పిచ్చి లేసిందనుకొని కండక్టరు నన్ను అడిగిండు. ఇది రాయొద్దంటుండు, రాసిన.)

పనిడిసి రాకు. మొకం కిందికేసుకొని తీస్కుంటున్న అని రాసినవట. గట్ల తీస్కుంటే ఇచ్చినోళ్ళకు బాధయితది. మొకం చూసి, సలాం చేసి తీస్కో. ఎవలన్న తక్కువిస్తే గూడ గట్లనే చెయ్యి. ఇయ్యకుంటే ఊకో, అడుగకు.

ఫ్రాన్సిస్‌కు నా సలాం చెప్పు. ఆయన పిల్లల ఫీజు నా మూలంగ ఆగింది. దారంతోని ఆయన భుజాలు, ఛాతీ, చెయ్యి కొలిచి, కొలత కాడ ముడులేసి పంపు. ఒక మంచి కమీజు కుట్టి పంపుత. నాకు కనవడినంక కుట్టే మొదటిది ఆయనదే. కూలి తీస్కోను. సంబురమై ఆయన ఏమన్న ఇస్తే మాత్రం వద్దనను.

నీ అబ్బా,
ఇబ్రహీం దర్జీ